సామాన్యుడి వాచీ సేకరణ వస్తువైన తీరు

సేకరణ అనే అలవాటు ఎక్కువగా అరుదైన వస్తువుల చుట్టూ పెరుగుతుంది. అచ్చులో తప్పు పడిన తపాలా బిళ్ళ, కొద్ది రోజులే చెలామణిలో ఉన్న నాణెం, ఒకే ఒక్క ప్రతి మిగిలిన తాళపత్రం వంటివాటికి విలువ ఎందుకు వస్తుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. చేతిగడియారాల లోకంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 1 కోటి 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ప్రత్యేకంగా ఒక్కటే తయారుచేసిన పటేక్ ఫిలిప్ గడియారం 2019 నవంబరులో జెనీవాలో 3 కోట్ల 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. ఈ వార్తలు చదివినవారికి వాచీల సేకరణ కోటీశ్వరుల వ్యవహారమనే అభిప్రాయం కలగడం సహజం.

మన దేశంలో ఎక్కువమంది పాటించే వాచీల సేకరణ మాత్రం దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉంది. దాని కేంద్రంలో ఉన్నది హెచ్‌ఎంటీ, అంటే ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ మెషిన్ టూల్స్ తయారుచేసిన వాచీ. ఆ సంస్థ మొత్తం మీద 10 కోట్లకు పైగా వాచీలు తయారుచేసింది. బడిపంతులు, బ్యాంకు గుమాస్తా, రైల్వే గార్డు, కరణం ఎవరి మణికట్టు చూసినా కనిపించిన వస్తువది. అంత విరివిగా దొరికిన వస్తువు నేడు అద్దాల పెట్టెల్లోకి చేరడానికి కారణాలు దాని చరిత్రలోనూ, దాని లోపలి యంత్రంలోనూ, దాన్ని ఇంతకాలం నడిపించిన మరమ్మతు పనివారి చేతుల్లోనూ ఉన్నాయి. దాచుకోవాలనే కోరికే ఆ వస్తువును ఎలా మారుస్తున్నదో కూడా ఈ సేకరణలో స్పష్టంగా చూడవచ్చు. సేకర్తలు అంతగా చర్చించని విషయమది.

స్వాతంత్ర్యానికి ముందు మన దేశంలో చేతిగడియారమంటే విదేశీ వస్తువే. వెస్ట్ ఎండ్, ఫావ్ర్ లూబా వంటి స్విస్ పేర్లు 19వ శతాబ్దం నుంచే బొంబాయి వ్యాపారం ద్వారా దేశమంతటికీ పరిచయమయ్యాయి. స్వాతంత్ర్యం తరువాత విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల దిగుమతుల మీద ఆంక్షలు పెరిగాయి. ఆంక్షలతో పాటు దొంగ రవాణా పెరిగింది. ఓడరేవుల్లో పట్టుబడే సరుకులో బంగారంతో పాటు వాచీలు ఉండడం ఆనాటి పత్రికల్లో మామూలు వార్త. యంత్ర పరికరాల తయారీ కోసం 1953లో బెంగళూరులో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ మెషిన్ టూల్స్, జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో వాచీల కర్మాగారం నెలకొల్పింది. అక్కడ తయారైన మొదటి విడత కీ వాచీలను విడుదల చేసినవారు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. ఆ తొలి వాచీల డయల్ మీద హెచ్‌ఎంటీ పేరుతో పాటు సిటిజన్ పేరు కూడా ఉండేది. ఆ రెండు పేర్లూ ఉన్న వాచీ దొరికితే సేకర్తలు నేడు దాన్ని ప్రత్యేకంగా చూస్తారు.

తరువాత బెంగళూరులోనే మరో కర్మాగారం, శ్రీనగర్‌లో ఒకటి, తుమకూరులో ఒకటి, నైనిటాల్ ప్రాంతంలోని రాణీబాగ్‌లో ఒకటి వచ్చాయి. హైదరాబాదు వాసులకు హెచ్‌ఎంటీ అనగానే చింతల్ దగ్గరి యంత్ర పరికరాల కర్మాగారం, దాని పక్కన పెరిగిన కాలనీ గుర్తుకు వస్తాయి. అక్కడ తయారైనవి వాచీలు కావు. అయినా ఒకే గుర్తు కింద లేతు మెషీనూ, మణికట్టు మీది వాచీ రెండూ రావడం వల్ల ఆ పేరుకు తెలుగు నేల మీద ఒక గట్టిదనం వచ్చింది. వాచీ కొనేవారు దాన్ని నగల దుకాణపు సరుకుగా కాక, కార్ఖానాలో పుట్టిన నమ్మకమైన పనిముట్టుగా చూశారు.

పేర్ల విషయంలో ఆ సంస్థ తీసుకున్న నిర్ణయం నేటి సేకరణకు పునాది అని చెప్పవచ్చు. అంకెలతో, అక్షరాలతో గుర్తుపట్టే పద్ధతి కాకుండా మనుషులకు పెట్టుకునే పేర్లు, మన భాషల్లో మంచి అర్థం వచ్చే మాటలు వాచీలకు పెట్టారు. జనతా, జవాన్, కోహినూర్, సోనా, కాంచన్, రజత్, తరుణ్, అశోక, సుజాత అన్న పేర్లు పలకడానికి ఇంగ్లీషు రానక్కరలేదు. జనతా డయల్‌నే కొన్నిసార్లు దేవనాగరి లిపిలో, ఆ లిపి అంకెలతో కూడా తయారుచేశారు. చూపు లేనివారి కోసం బ్రెయిలీ వాచీ కూడా వచ్చింది. అద్దం మూత తెరిచి, ముళ్ళను వేలితో తడిమి టైము తెలుసుకునే వాచీ అది. ఒక దేశపు ప్రజలను వరుసగా ఊహించుకుని, ఒక్కొక్కరికీ ఒక వాచీ తయారుచేసినట్టుగా ఉంటుంది ఆ జాబితా. దాన్ని పూర్తిచేయాలనే కోరికతోనే చాలామంది ఈ సేకరణలోకి దిగుతారు.

తెలుగు ఇళ్ళలో ఆ వాచీకి ఉన్న చోటు ఇంకా ప్రత్యేకమైనది. అది కొనుక్కునే వస్తువు కంటే ఎక్కువగా ఇచ్చే వస్తువు. పెళ్ళిలో అల్లుడికి పెట్టే సైకిలు, రేడియో, వాచీ అనే మూడింటిలో ఒంటిమీద ఉండేది వాచీ ఒక్కటే. ఆ మూడూ ఇవ్వలేక అప్పుపాలైన ఇళ్ళు కూడా ఉన్నాయన్న సంగతి మరిచిపోరాదు. పదో తరగతి పాసైన కొడుకుకు, ఉద్యోగంలో చేరిన తమ్ముడికి, పదవీ విరమణ చేసిన మాస్టారికి అదే బహుమతి. అందుకే పాత వాచీ వెనక మూత మీద పేరు, తేదీ, ఊరు చెక్కి ఉండడం తరచుగా కనిపిస్తుంది. స్విస్ వాచీల మార్కెట్లో అలాంటి చెక్కుడు చాలాసార్లు విలువను తగ్గించే లోపం. హెచ్‌ఎంటీ సేకర్తల్లో మాత్రం ఒక వర్గం ఆ అక్షరాలనే వెతుక్కుంటుంది. మూతను సానబెట్టి పేరు చెరిపేయించేవారూ లేకపోలేదు. ఆ పని చేసిన తరువాత చేతిలో మిగిలేది ఒక జనతా వాచీ మాత్రమే. ఫలానా పాఠశాలలో ఫలానా సంవత్సరం దాకా పనిచేసిన ఒక మనిషి వాచీ అక్కడితో లేకుండా పోతుంది.

ఈ వాచీల్లో ఎక్కువ భాగానికి గుండె వంటిది 0231 అనే సంఖ్యతో పిలిచే యంత్రం. సిటిజన్ రూపకల్పన ఆధారంగా తయారైన ఈ కీ యంత్రాన్ని అర్థం చేసుకుంటే ఆ వాచీ ఇన్నేళ్ళు ఎలా బతికిందో తెలుస్తుంది. కీ తిప్పినప్పుడు చిన్న డబ్బాలో ఉన్న పొడవాటి స్ప్రింగు బిగుసుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్ళచక్రాల వరుసను తిప్పాలని చూస్తుంది. దాన్ని ఒక్కసారిగా విప్పుకోనీయకుండా, ఒక్కొక్క పన్ను చొప్పున మాత్రమే వదిలే చిన్న లివరు ఒకటి చివరన ఉంటుంది. ఆ లివరును ఒకసారి ఇటు, ఒకసారి అటు తట్టేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగు ఆ చక్రాన్ని ఊయలలా ముందుకూ వెనక్కూ ఊపుతుంది. 0231 యంత్రంలో ఈ తట్టడం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు జరుగుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే టిక్ టిక్ అదే. రోజుకు 4,32,000 సార్లు, ఏడాదికి సుమారు 15 కోట్ల 76 లక్షల సార్లు ఆ లివరు పన్నును పట్టి వదులుతుంది. రోజుకు 20 సెకన్లు ముందుకో వెనక్కో పోయే వాచీని నేటి సెల్‌ఫోన్ తరం తప్పుల తడకగా భావించవచ్చు. రోజుకు ఉన్న 86,400 సెకన్లలో 20 సెకన్ల తేడా అంటే నూటికి 0.03 కూడా కాదు. చేతి ఊపుకు, ఎండకు, చలికి తట్టుకుంటూ ఒక ఇత్తడి యంత్రం అంత దగ్గరగా నడవడం నిజంగా ఆశ్చర్యపడవలసిన విషయం.

డయల్ మీద రాసి ఉండే 17 జ్యువెల్స్, పారాషాక్ అన్న మాటల గురించి ఎన్నో అపోహలున్నాయి. లోపల 17 విలువైన రాళ్ళు ఉన్నాయని, వాటిని తీసి అమ్ముకోవచ్చని నమ్మినవారు పాత తరంలో చాలామంది. అవి కృత్రిమ కెంపులు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒగుస్త్ వెర్నుయి 1902లో ప్రకటించిన పద్ధతి వల్ల కెంపును కొలిమిలో చవకగా తయారుచేయడం సాధ్యమైంది. గట్టి ఉక్కు ఇరుసు మెత్తని ఇత్తడి రంధ్రంలో తిరిగితే ఆ రంధ్రం అరిగి వదులవుతుంది. కెంపులో తిరిగితే అరుగుదల బాగా తగ్గుతుంది. కాబట్టి ఆ రాళ్ళ విలువ అంగడిలో కాక, యంత్రం ఆయుష్షులో ఉంది. పారాషాక్ అనేది సిటిజన్ 1956లో తెచ్చిన అదురు రక్షణ ఏర్పాటు. బ్యాలెన్స్ చక్రపు ఇరుసు కొన చాలా సన్నగా ఉంటుంది కనుక వాచీ నేల మీద పడితే మొదట విరిగేది అదే. దానికి ఆనుకున్న కెంపును సన్నని స్ప్రింగు మీద నిలిపి, దెబ్బ తగిలినప్పుడు కొద్దిగా కదిలేలా చేశారు. సైకిలు మీద గతుకుల రోడ్డున పది మైళ్ళు వెళ్ళే ఉపాధ్యాయుడికి ఈ ఏర్పాటు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

ఆ కాలపు కథ మరొక యంత్రంతో మారింది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సైకో సంస్థ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతిగడియారాన్ని అమ్మకానికి తెచ్చింది. తరువాత ప్రమాణంగా స్థిరపడిన క్వార్ట్జ్ వాచీల్లో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. కీ ఇవ్వనక్కరలేదు, కొన్నేళ్ళకొకసారి సెల్లు మారిస్తే చాలు. స్విట్జర్లాండులో 1970 ప్రాంతంలో సుమారు 90,000 మందికి పని ఇచ్చిన వాచీల పరిశ్రమలో 1980ల మధ్యకు మిగిలింది 30,000 మందికి కాస్త పైన. మన దేశంలో ఆ మార్పును పట్టుకున్నది హెచ్‌ఎంటీ కాదు. హెచ్‌ఎంటీ కూడా క్వార్ట్జ్ వాచీలు తయారుచేసింది గానీ దాని దృష్టి, దాని కర్మాగారాల బలం కీ వాచీల మీదే ఉండిపోయాయి. తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థతో కలిసి టాటాలు 1984లో స్థాపించిన టైటాన్, హోసూరు కర్మాగారం నుంచి 1987 నాటికి క్వార్ట్జ్ వాచీలను అందమైన దుకాణాల్లో పెట్టి అమ్మింది. వాచీ అంటే బాధ్యతకు గుర్తుగా ఉన్న చోట అలంకారమనే భావన వచ్చింది.

ఈ సందర్భంలో హైదరాబాదు కథ ఒకటి చెప్పుకోవాలి. నిజాం కాలంలో 1942లో మొదలై, ఫ్రిజ్‌లకు, బస్సుల బాడీలకు పేరుపొందిన ఆల్విన్ సంస్థ 1980లలో సైకో సహకారంతో వాచీలు కూడా తయారుచేసింది. హెచ్‌ఎంటీ వెనుక సిటిజన్ ఉన్నట్టే ఆల్విన్ వెనుక సైకో ఉంది. ఆ విధంగా జపాన్‌లో పోటీపడిన రెండు సంస్థల నైపుణ్యం బెంగళూరు, హైదరాబాదు నగరాల ప్రభుత్వ రంగ కర్మాగారాల్లో పక్కపక్కన పనిచేసింది. 1990లలో ఆల్విన్ చెదిరిపోయింది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్ళింది. నేడు తెలుగు సేకర్తలు సైతం హెచ్‌ఎంటీ కోసం వెతికినంతగా ఆల్విన్ కోసం వెతకరు. ఇది విచారించవలసిన విషయం. తెలుగు నేల మీదే తయారైన వాచీ చరిత్ర నమోదు కావాలంటే ఆ డయళ్ళను, యంత్రాలను, డబ్బాలను, హామీ పత్రాలను మొదట భద్రపరచవలసినది ఇక్కడివారే.

హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయాలన్న ఆలోచన 2014లో బయటికి వచ్చింది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచెస్, శ్రీనగర్‌లోని హెచ్‌ఎంటీ చినార్ వాచెస్, హైదరాబాదులోని హెచ్‌ఎంటీ బేరింగ్స్ మూడింటి మూసివేతకు ఆమోదం తెలిపింది. సేకరణ ఊపందుకున్నది ఆ వార్తలతోనే. అప్పటిదాకా ఇంట్లో బీరువా అరలో, మందుల డబ్బా పక్కన ఆగిపోయి పడి ఉన్న వాచీని జనం బయటికి తీశారు. సంస్థ దుకాణాల ముందు కొనుగోలుదారులు పెరిగారు. ఇక రాదనుకున్న వస్తువు మీద కలిగే మమకారమది. ఆ ఊపులో కొన్నవారిలో కొందరు నాలుగు నెలల్లో లాభానికి అమ్మేసుకున్నారు, కొందరు మాత్రం ఆ మొదటి వాచీ వెనక మూత తెరిపించి చూసి, లోపల ఊగుతున్న చక్రాన్ని చూసిన క్షణం నుంచి సేకర్తలయ్యారు. బెంగళూరు జాలహళ్ళిలో 2019లో తెరిచిన హెచ్‌ఎంటీ వారసత్వ కేంద్రం ఇప్పుడు అలాంటివారికి యాత్రాస్థలం.

సేకర్తలందరూ ఒకే తీరుగా సేకరించరు. కొందరికి పైలట్ మోడల్ ఒక్కటే లోకం. నల్లని డయల్ మీద తెల్లని అంకెలు ఉండే ఆ వాచీలో వచ్చిన మార్పులన్నీ వరుసగా పేర్చుకుంటారు. కొందరు దేవనాగరి డయళ్ళకు పరిమితమవుతారు. కొందరు తమ పుట్టిన సంవత్సరపు వాచీని వెతుకుతారు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు, ఎర్రగడ్డ ఆదివారం సంత వంటి చోట్ల పాత సామాన్ల గుట్టల్లో వెతకడం వీరిలో చాలామందికి వారపు నియమం. తెలుగువారికి మాత్రమే ప్రత్యేకమైన మరో దారి తిరుమల. మొక్కుగా భక్తులు సమర్పించిన వాచీలను తిరుమల తిరుపతి దేవస్థానం లాట్లుగా విభజించి వేలం వేస్తుంది. వాటిలో కొత్తవి, వాడినవి, కొంత దెబ్బతిన్నవి అన్నీ ఉంటాయి. చేతికి ఉన్నదాన్ని విప్పి హుండీలో వేసిన వాచీ, వేలంలో చేతులు మారి, ఒకనాడు ఒక సేకర్త ముందుకు వచ్చే అవకాశం ఉంది. దాని వెనుక ఉన్న మొక్కు ఏమిటో ఆ వాచీ ఎన్నటికీ చెప్పదు.

ఇక ఈ సేకరణలో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసినది రీడయల్ సమస్య. పాత వాచీ డయల్ కాలంతో పాటు పసుపెక్కుతుంది, తేమకు మచ్చలు పడుతుంది, అక్షరాలు మసకబారతాయి. ఆ డయల్ మీది రంగును పూర్తిగా తీసేసి, మళ్ళీ రంగు పూసి, అక్షరాలు కొత్తగా అచ్చువేసి, కేసును సానబెట్టి, కొత్త అద్దం, కొత్త బెల్టు వేసి అమ్మడం పెద్ద కుటీర పరిశ్రమ అయింది. యంత్రం అసలుదే. పేరు అసలుదే. డయల్ మాత్రం నిన్న మొన్న అచ్చువేసినది. కర్మాగారం ఎన్నడూ తయారుచేయని నారింజ రంగు, చిలకపచ్చ రంగు పైలట్ వాచీలు ఇలా పుట్టినవే. ఒక వాచీ కేసు, మరొకదాని ముళ్ళు, ఇంకొకదాని యంత్రం కలిపి కట్టినవీ ఉన్నాయి. విదేశాల సేకర్తలు ఇలాంటివాటన్నిటికీ బొంబాయి పేరు తగిలించి హేళనగా పిలుస్తుంటారు. ఆ పిలుపులో ఉన్న చులకన అన్యాయమైనదే గానీ, వారు చూపే లోపం నిజమైనది.

గుర్తుపట్టడం అభ్యాసంతో వచ్చే పని. కర్మాగారపు అచ్చులో అక్షరాల అంచులు పదునుగా, ఒకే మందంతో ఉంటాయి. తిరిగి అచ్చువేసిన డయల్ మీద భూతద్దం పెడితే సిరా కొద్దిగా పాకి, అక్షరాలు ఉబ్బినట్టు కనిపిస్తాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులతో సరిగ్గా కలవవు. ముళ్ళ మీద పచ్చని మెరుపు మందు చిక్కగా, చేత్తో పూసినట్టు ఉంటుంది. యాభై ఏళ్ళ వాచీ అని చెప్పినదాని డయల్ తళతళలాడుతూ, అదే వాచీ వెనక మూత మాత్రం అరిగి నునుపెక్కి ఉంటే ఆ రెండూ ఒకే జీవితం గడపలేదని అర్థం.

ఈ పని చేసేవారిని మోసగాళ్ళని తేల్చేయడం తేలిక. వాస్తవం అంత సూటిగా లేదు. దశాబ్దాల పాటు మన దేశంలో వాచీ అంటే వాడుకునే వస్తువు. పాతబడిన డయల్‌కు మళ్ళీ రంగు వేయించడం, చిరిగిన చొక్కాకు మాసిక వేయించడం లాంటిదే. తండ్రి వాచీని కొడుకు పెళ్ళికి కొత్తదానిలా చేయించి ఇచ్చిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి, అందులో దాపరికం లేదు. మరమ్మతు అనే ఆ పాత సంస్కారం, సేకర్తల మార్కెట్ వచ్చాక, చెప్పకుండా అమ్మితే మోసంగా మారింది. అంతకంటే ముఖ్యమైన కారణం కొనేవారి అభిరుచి. పసుపెక్కిన డయల్‌ను పక్కకు నెట్టి, మెరిసేదానికి ఎక్కువ ధర ఇచ్చేవారు ఉన్నంతకాలం అమ్మేవారు మెరుపునే తయారుచేస్తారు. అలా అసలు డయల్ ఒక్కొక్కటే గీకుడు బల్ల మీద పొడిగా రాలిపోతుంది. ఏ వస్తువును కాపాడాలని సేకర్తలు బయలుదేరారో, దాని చరిత్రను వారి గిరాకీయే తుడిచివేస్తున్నది. ఈ మాట కఠినంగా అనిపించినా, గత పదేళ్ళలో పెరిగిన రంగురంగుల పైలట్ వాచీలే దానికి సాక్ష్యం.

వాతావరణం మన ప్రాంతంలో మరొక చిక్కు. జనతా వంటి సామాన్య మోడళ్ళ కేసు ఇత్తడి మీద క్రోమియం పూత వేసినది. వెనక మూత మాత్రం తుప్పుపట్టని ఉక్కుది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖపట్నం వంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి, వేసవి చెమటకు ఆ పూత చిన్న చిన్న బొబ్బలుగా లేచి, కింది ఇత్తడి బయటపడి చిలుము పడుతుంది. బెల్టు తగిలే కొమ్ముల దగ్గర ఇది ముందు కనిపిస్తుంది. పూత పోయిన కేసును మళ్ళీ సరిచేయాలంటే మొత్తం గీకి కొత్త పూత వేయించడమొక్కటే మార్గం, అప్పుడు దాని అసలు అంచుల పదును పోతుంది. అద్దం సంగతి వేరు. అది గాజు కాదు, ఆక్రిలిక్. గీతలు సులభంగా పడతాయి, అంతే సులభంగా పోతాయి. టూత్‌పేస్టుతో రుద్ది అద్దాన్ని తేటగా చేయడం మరమ్మతు దుకాణాల్లో అందరికీ తెలిసిన చిట్కా. దాచిన వాచీ అకస్మాత్తుగా రోజుకు పది నిమిషాలు ముందుకు పోతుంటే యంత్రం పాడైందని కంగారుపడనవసరం లేదు. సెల్‌ఫోన్ లేదా స్పీకరు పక్కన పెట్టడం వల్ల హెయిర్ స్ప్రింగు అయస్కాంతమై చుట్లు ఒకదానికొకటి అంటుకున్నా అలాగే జరుగుతుంది, దాన్ని పోగొట్టే చిన్న పరికరం మెకానిక్ దగ్గర ఉంటుంది.

చీకట్లో మెరిసే ముళ్ళ గురించి ఒక హెచ్చరిక అవసరం. తెలుగులో చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ, సైకిలు వెనక అంటించే కాగితాన్ని సైతం, రేడియం అంటారు. వాడుకలో అది ఉత్త పేరే. 1960ల దాకా తయారైన కొన్ని విదేశీ పాత వాచీల్లో మాత్రం నిజమైన రేడియం ఉంది. దాని అర్ధాయువు 1,600 ఏళ్ళు. మెరిసే గుణం గల జింక్ సల్ఫైడ్ దెబ్బతిన్నందువల్ల ఆ ముళ్ళు మెరవడం ఎప్పుడో మానేసినా, రేడియం శక్తి దాదాపు అలాగే ఉంటుంది. అటువంటి వాచీని ఇంట్లో తెరిచి, రాలిన పొడిని ఊది శుభ్రం చేయడం ప్రమాదకరం. పాత స్విస్ వాచీల వైపు వెళ్ళే సేకర్తలు ఈ ఒక్క విషయాన్ని తేలికగా తీసుకోరాదు.

సేకరణలో పెద్ద లోటు మరొకటి ఉంది. అది ఆడవారి వాచీలది. హెచ్‌ఎంటీ తొలిరోజుల్లోనే సుజాత పేరుతో స్త్రీల వాచీ వచ్చింది. ఉపాధ్యాయినులు, నర్సులు, టెలిఫోన్ ఆపరేటర్లు తొలి జీతంతో కొనుక్కున్న వాచీలవి. ఉద్యోగం చేసే స్త్రీ అన్న మాట కొత్తగా స్థిరపడుతున్న కాలానికి అంతకంటే స్పష్టమైన గుర్తు దొరకడం కష్టం. అయినా సేకర్తల్లో అత్యధికులు పురుషులు, వారు తమ చేతికి పెట్టుకోగలిగినవే కొంటారు. గోరంత యంత్రాన్ని విప్పి కూర్చడం కష్టం కాబట్టి మెకానిక్‌లు కూడా చిన్న వాచీలంటే విముఖత చూపుతారు. ఫలితంగా అవి గొలుసు బంగారు పూత కోసం కరిగిపోతున్నాయి, లేదా పిల్లల ఆటబొమ్మలవుతున్నాయి. ఎన్నో పైలట్‌ల మధ్య మరొక పైలట్‌ను చేర్చడం కంటే ఒక సుజాతను నడిపించడం ఎక్కువ మేలు చేసే పని.

చివరికి ఈ సేకరణ మొత్తం ఆధారపడి ఉన్నది కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే మెకానిక్ మీద. కీ వాచీని నాలుగైదేళ్ళకొకసారి పూర్తిగా విప్పి, కడిగి, తగిన చోట తగినంత నూనె వేయాలి. ఎండిపోయిన నూనెతో నడిచే వాచీ ఆగదు, లోపల అరుగుతూ నడుస్తుంది, అదే ఎక్కువ నష్టం. సెల్లు మార్చడం, బెల్టు వేయడం నేర్చుకున్న దుకాణాలు ప్రతి వీధిలో ఉన్నాయి. బ్యాలెన్స్ ఇరుసు మార్చగలిగినవారు ఒక జిల్లా కేంద్రంలో వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. వారిలో ఎక్కువమంది వయసు పైబడినవారు, పిల్లలు ఆ పనిలోకి రానివారు. వాచీలకు వేలు ఖర్చుచేసే సేకర్త సర్వీసింగ్ కూలి దగ్గర బేరమాడడం ఈ అభిరుచిలో అతి సాధారణంగా కనిపించే తప్పు. ఆ పనికి తగిన కూలి రానప్పుడు నేర్చుకునేవారు రారు.

విడిభాగాల సంగతి ఇంకా సున్నితమైనది. కర్మాగారం మూతపడ్డాక పాత నిల్వలే దిక్కు. అవి తరిగేకొద్దీ మెకానిక్‌లు నడవని వాచీల నుంచి భాగాలు తీసి నడిచేవాటికి వేస్తున్నారు. 0231 యంత్రాన్ని అనేక మోడళ్ళలో వాడినందువల్ల ఇది సాధ్యమవుతున్నది. ఒక తరుణ్ వాచీ చక్రం జనతాకు సరిపోతుంది, ఒక జవాన్ కీ మరొకదానికి పనికొస్తుంది. కేసు పాడై, డయల్ మచ్చలు పడి, ఎవరూ కొనని ఒక్క వాచీ ఇలా మూడు నాలుగింటిని నడిపిస్తుంది. అందుకే అనుభవం ఉన్న సేకర్తలు సంతలో మంచి వాచీతో పాటు రెండు మూడు చచ్చిన వాచీలను కూడా కొని తెస్తారు. వాటిని విప్పి, హెయిర్ స్ప్రింగులను ఒక డబ్బాలో, కెంపులను ఒక సీసాలో, మరలను ఒక కాగితపు పొట్లంలో పెట్టి, పైన సంఖ్య రాసి మెకానిక్‌కు అప్పగిస్తారు. వారు ఆ పొట్లాలను తమ బల్ల సొరుగులో, కీ వాచీ పట్టుకుని ఎవరైనా మెట్లెక్కి వచ్చే రోజు కోసం ఉంచుతారు.